రికార్డుల మీద ఆశ లేని మహానుభావుడు

వయసు మీరిన ఆటగాడు ఎవరైనా తాను రికార్డుల కోసం ఆడటం లేదంటే నేను ఠక్కున నమ్మేస్తాను. పదవుల కోసం రాజకీయాల్లోకి రాలేదన్న నాయకుల్ని నమ్మినవాణ్ణి. కార్యకర్తల ఒత్తిడి మేరకే మళ్లీ పోటీ చేస్తున్నామంటే తలూపినవాణ్ణి. ఫలానాది నిరూపిస్తే రాజకీయ సన్యాసం తీసుకుంటానని ఎవరైనా సవాలు విసిరితే, కమండలం కొనిపెట్టడానికి కూడా సిద్ధపడినవాణ్ణి. అలాంటిది, అమెరికాలో బ్రెట్ ఫార్వ్ అనే పెద్దమనిషి మాటను అనుమానించడానికి నాకేం పోయేకాలం?

ఆయన మీద అభియోగం చిన్నదేమీ కాదు. నలభై దాటినా క్వార్టర్‌బ్యాక్ పదవిని పట్టుకుని వేలాడింది జట్టు కోసం కాదట, తన పేరు పక్కన అంకెలు పెంచుకోవడానికట. కాగితాలన్నీ తిరగేశాను. మనిషి పూర్తిగా నిర్దోషి.

ఈ ఆట చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే, బంతి చేతికి అందీ అందగానే నూట ముప్పై కిలోల మనుషులు మీదికి ఉరుకుతుంటే, దాన్ని ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాల్సినవాడు. విసిరిన బంతిని తనవాడు పట్టుకుని చివరి గీత దాటితే టచ్‌డౌన్ పాస్. మధ్యలో అవతలి జట్టువాడు లాగేసుకుంటే ఇంటర్‌సెప్షన్. మొదటిదానికి విగ్రహం పెడతారు, రెండోదానికి బూతులు తిడతారు. ఈ రెండింటిలోనూ చరిత్రలో అందరికంటే ముందు నిలబడి రిటైరైన మనిషి ఫార్వ్.

2007లో ఆయన గ్రీన్ బే ప్యాకర్స్ తరఫున పదహారో సీజన్ ఆడుతున్నాడు. టచ్‌డౌన్ పాసుల రికార్డు అప్పటికి డాన్ మరీనోది, 420. సెప్టెంబర్ 30న మినియాపొలిస్‌లో గ్రెగ్ జెన్నింగ్స్‌కు విసిరిన బంతితో ఫార్వ్ లెక్క 421కి చేరింది. పరుగెత్తుకెళ్లి జెన్నింగ్స్‌ను అమాంతం ఎత్తి భుజాన వేసుకున్నాడు. డిసెంబర్‌లో మరీనోదే మరో రికార్డు, పాసులతో సంపాదించిన 61,361 గజాలది, అదీ పోయింది. ఇక సాధించడానికేం మిగిలిందని అందరూ అనుకుంటుండగా 2008 మార్చిలో మైకు ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఇవ్వడానికి తన దగ్గర ఇంకేమీ లేదన్నాడు. ఇంత చక్కని సన్యాస స్వీకారం మన అసెంబ్లీల్లో కూడా జరిగి ఉండదు.

ఆగస్టుకల్లా న్యూయార్క్ జెట్స్ జెర్సీలో ప్రత్యక్షమయ్యాడు.

2009 ఫిబ్రవరిలో రెండో సన్యాసం. ఈసారి ఆగస్టు 18న మిన్నెసోటా వైకింగ్స్‌లో చేరాడు. గ్రీన్ బే అభిమానులు తాతల కాలం నుంచీ తిట్టుకుంటున్న జట్టు అది. కోచ్ బ్రాడ్ చిల్డ్రెస్ తానే ఎయిర్‌పోర్టుకు వెళ్లి కారెక్కించుకొచ్చాడు. పైన హెలికాప్టర్లు ఆ కారు వెంటపడి లైవ్ ఇచ్చాయి. 2010లో చీలమండకు ఆపరేషన్, దాంతో మళ్లీ వైరాగ్యం. అప్పుడు జట్టు సహచరులు స్టీవ్ హచిన్సన్, జారెడ్ అలెన్, రయన్ లాంగ్‌వెల్ ముగ్గురూ విమానమెక్కి మిసిసిపీలో ఆయన ఇంటికి వెళ్లి బతిమాలారు. కార్యకర్తల ఒత్తిడి అంటే అదీ. ఆ ఏడాది జీతం కోటీ ముప్పై లక్షల డాలర్ల నుంచి కోటీ అరవై లక్షలకు పెరగడం కేవలం యాదృచ్ఛికం.

గిట్టనివాళ్లు ఇందులోనూ వంక వెతికారు. 2009లోనూ 2010లోనూ వైరాగ్యం సరిగ్గా ఆగస్టు మూడో వారంలోనే తీరిపోయిందట. అంటే మండుటెండలో రెండు పూటలా ప్రాక్టీసు చేయించే శిక్షణ శిబిరం ముగిశాక. అయితే ఏమిటి? వానప్రస్థానికి ఓ సీజన్ ఉండకూడదా?

ఇప్పుడు నా సాక్ష్యం వినండి. 2002 జనవరి 6, న్యూయార్క్ జెయింట్స్ మైదానం. జెయింట్స్ ఆటగాడు మైకేల్ స్ట్రాహన్ ఒక రికార్డుకు ఒక్క మెట్టు దూరంలో ఉన్నాడు. ఒక సీజన్‌లో ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌లను బంతి విసరకముందే పడగొట్టిన లెక్క అది. పాత రికార్డు 22, స్ట్రాహన్ దగ్గర 21.5 ఉన్నాయి (ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం). ఆట చివరి నిమిషాలు, ఫార్వ్ జట్టు 34-25తో ముందుంది. ఎవరైనా బంతిని పక్కవాడి చేతిలో పెట్టి గడియారం వైపు చూస్తూ కాలక్షేపం చేసే సమయం. ఫార్వ్ మాత్రం బంతి తన దగ్గరే ఉంచుకుని కుడివైపు పరుగు తీశాడు. ఎదురుగా స్ట్రాహన్, అడ్డుపడాల్సినవాడు ఎవరూ లేరు. ఫార్వ్ మోకాళ్లు మడిచి చాప మీద పడుకున్నంత పద్ధతిగా నేల మీదికి జారాడు. స్ట్రాహన్ చెయ్యి తగిలించాడు. 22.5 అయింది. పైన పడి సంబరాలు చేసుకుంటున్న జెయింట్స్ గుంపులోకి తల దూర్చి, పడినవాడే పడేసినవాణ్ణి అభినందించాడు.

చూశారా? రికార్డులు ఎదుటివాడికి దానం చేసే మనిషికి సొంత రికార్డుల యావ ఉంటుందా? కర్ణుడు కవచకుండలాలు ఇచ్చేటప్పుడైనా కాస్త రక్తం చిందింది.

రెండో సాక్ష్యం ఇంకా బలమైనది. నిజంగా అంకెల మీద ప్రేమ ఉన్నవాడు జాగ్రత్తగా ఆడతాడు. అనుమానం వస్తే బంతిని బయటికి విసిరేస్తాడు. ఫార్వ్ డిక్షనరీలో ఆ అలవాటు లేదు. 421 పండుగ ముగిసిన రెండు వారాలకే, 2007 అక్టోబర్ 14న, జార్జ్ బ్లాండా పేరిట మూడు దశాబ్దాలుగా భద్రంగా ఉన్న 277 ఇంటర్‌సెప్షన్ల రికార్డును కూడా దాటేశాడు. దానికి మాత్రం ఎవరూ ఆయన్ని భుజానికెత్తుకోలేదు. నాకిది పక్షపాతంగా తోస్తుంది. చెమట రెండింటికీ ఒకేలా కారింది కదా.

2008లో జెట్స్‌కు 22 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చి లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు. 2009 సీజన్ మటుకు అద్భుతం: నలభై ఏళ్ల వయసులో 33 టచ్‌డౌన్లు, 7 ఇంటర్‌సెప్షన్లు. మనిషి మారాడనుకున్నారు. 2010 జనవరి 24న న్యూ ఆర్లియన్స్ సెయింట్స్‌తో మ్యాచ్, గెలిస్తే సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. స్కోరు 28-28, మిగిలినవి కొన్ని సెకన్లు. నాలుగు గజాలో ఐదు గజాలో ముందుకు నడిచి పడుకుంటే, కిక్కర్ వచ్చి మూడు పాయింట్ల కోసం తన్నుతాడు. ఎదురుగా ఖాళీ ఉంది. నొప్పెడుతున్న చీలమండతో కుడివైపు పరుగెడుతూ ఫార్వ్ ఆ ఖాళీని చూసి, దానికి నమస్కారం పెట్టి, ఒళ్లు తిప్పకుండానే మైదానం మధ్యలోకి అడ్డంగా విసిరాడు. సెయింట్స్ ఆటగాడు ట్రేసీ పోర్టర్ పట్టుకున్నాడు. అదనపు సమయంలో సెయింట్స్ గెలిచి, సూపర్ బౌల్ కూడా పట్టుకుపోయారు. లాభనష్టాలు బేరీజు వేసే మనిషి చేసే పనా అది?

అదే ఏడాది అక్టోబర్ 11న ఒక్క మ్యాచ్‌లోనే 500వ టచ్‌డౌన్ పాస్, 70,000వ గజం రెండూ పూర్తయ్యాయి. అప్పటిదాకా ఏ మానవుడూ అక్కడికి వెళ్లలేదు. ఆ చరిత్రాత్మక రాత్రి ఆట చివర్లో ఆయన విసిరిన ఒక పాస్‌ను జెట్స్ ఆటగాడు పట్టుకుని అటే పరుగెత్తి తమ జట్టుకు టచ్‌డౌన్ చేశాడు. వైకింగ్స్ ఓడిపోయారు.

ఫార్వ్ ఒక్కడినే ఆడిపోసుకోవడం అన్యాయం, తర్వాతి క్వార్టర్‌బ్యాక్‌ల నిస్వార్థం కూడా చూడాలి. 2014 అక్టోబర్‌లో పేటన్ మానింగ్ 509వ టచ్‌డౌన్ విసిరి ఫార్వ్‌ను దాటినప్పుడు, బంతి ఆయన చేతికివ్వకుండా డెన్వర్ జట్టువాళ్లు ఒకరికొకరు విసురుకుంటూ ఆటపట్టించారు. ముప్పై ఎనిమిదేళ్ల మానింగ్ దాని కోసం అటూ ఇటూ ఎగిరాడు. రికార్డుల మీద ఆశ లేని మనిషి ఎలా ఎగురుతాడో కావాలంటే ఆ వీడియో చూడండి.

మరుసటి ఏడాది నవంబర్ 15న జరిగింది ఇంకా రమ్యం. గజాల రికార్డు దాటడానికి మానింగ్‌కు 3 గజాలు కావాలి. రోనీ హిల్‌మన్‌కు 4 గజాల పాస్ ఇచ్చాడు. చప్పట్లు, అభినందనలు. ఆ మ్యాచ్ మొత్తంలో 20 పాసులకు 5 చేరాయి, 35 గజాలు వచ్చాయి, 4 బంతులు అవతలివాళ్ల పాలయ్యాయి. కోచ్ మధ్యలోనే బయట కూర్చోబెట్టాడు. రేటింగ్ 0.0. ఆ రేటింగ్ లెక్క ఎంత దయగలదంటే, బంతిని ప్రతిసారీ నేలకేసి కొట్టినా 39.6 ఇస్తుంది. చరిత్ర సృష్టించిన రోజున మానింగ్‌కు అంతకంటే తక్కువ మార్కులు వచ్చాయి. (అదే సీజన్ చివర ఆయన సూపర్ బౌల్ గెలిచి రిటైరయ్యాడు. వెటకారం ఎంత చేసినా ఈ మాట దాచకూడదు.)

2018లో డ్రూ బ్రీస్ ఆ గజాలను దాటితే ఆటే ఆపేశారు. హాల్ ఆఫ్ ఫేమ్ (ఈ ఆట దిగ్గజాల మ్యూజియం) పెద్దాయన తెల్లని గ్లౌజులు తొడుక్కుని వచ్చి బంతిని రెండు చేతులతో అందుకున్నాడు. మన గుళ్లలో ఉత్సవ విగ్రహాన్ని కూడా అంత మడిగా పట్టుకోరు. 2021లో టామ్ బ్రేడీ 600వ టచ్‌డౌన్ బంతిని సహచరుడు మైక్ ఎవాన్స్ తెలియక స్టాండ్స్‌లో ఓ అభిమాని చేతిలో పెట్టేశాడు. జట్టు సిబ్బంది పరుగున వెళ్లి బేరమాడారు. సంతకాలు చేసిన జెర్సీలు, హెల్మెట్, సీజన్ టికెట్లు ఇచ్చి బంతిని వెనక్కి తెచ్చుకున్నారు, బ్రేడీ పైన ఓ బిట్‌కాయిన్ కూడా వేశాడు. 2022 మార్చిలో ఆయన ‘ఆఖరి’ టచ్‌డౌన్ బంతి వేలంలో 5 లక్షల 18 వేల డాలర్లు పలికింది. మర్నాడే బ్రేడీ రిటైర్మెంట్ వెనక్కి తీసుకున్నాడు. కొన్నవాడి అదృష్టం బాగుండి ఆ అమ్మకం రద్దయింది.

ఇదంతా ఆటగాళ్ల యావేనని అనేముందు మన వీధి కూడా చూసుకోవాలి. 99వ సెంచరీ తర్వాత ఏడాది పాటు సచిన్ టెండూల్కర్ ఎలా ఆడాడో ఎవరికీ పట్టలేదు, ఎప్పుడు వంద అన్నదే ప్రశ్న. 2012 మార్చిలో మీర్పూర్‌లో అది అయింది. ఆ మ్యాచ్ బంగ్లాదేశ్ గెలిచిందని గుర్తున్నవాళ్లు చేతులెత్తండి.

ఇంత హడావిడి చేసిన ఆ టచ్‌డౌన్ రికార్డు ఎంతకాలం నిలిచిందో లెక్కేశాను. మరీనో దగ్గర పన్నెండేళ్లు. ఫార్వ్ దగ్గర ఏడు. మానింగ్ దగ్గర ఐదు. బ్రీస్ దగ్గర ఒక ఏడాది కూడా నికరంగా లేదు, మరుసటి సీజన్‌లోనే బ్రేడీ లాక్కున్నాడు. ఫార్వ్ ఇంటర్‌సెప్షన్ల మొత్తం మాత్రం 336 దగ్గర బండలా ఉంది. మరీనో 252, బ్రేడీ 212. ఇప్పటి కోచ్‌లు అంత ధారాళంగా విసిరేవాణ్ణి రెండో సీజన్‌లోనే ఇంటికి పంపుతారు. 336 కావాలంటే ఏడాదికి పదిహేడు చొప్పున ఇరవై ఏళ్లు ఇవ్వాలి, ఆ ఇరవై ఏళ్లూ నిన్ను బయట కూర్చోబెట్టే ధైర్యం ఎవరికీ రానంత గొప్పగా కూడా ఆడాలి. 508 టచ్‌డౌన్లు విసిరిన చెయ్యే అవీ విసిరింది. ఖాళీ ఉన్నా లేకపోయినా విసిరే ఆ గుణాన్ని కోసేసి ఉంటే రెండు అంకెలూ ఉండేవి కావు.

వరసగా 297 మ్యాచ్‌లు మొదటి బంతి నుంచీ దిగిన రికార్డు సంగతి మిగిలింది. 2010 డిసెంబర్ మొదటి వారంలో భుజం దెబ్బతింది. ఆ ఆదివారం మ్యాచ్‌కు దిగలేడనుకుంటుండగా, మంచు బరువుకు వైకింగ్స్ స్టేడియం మెట్రోడోమ్ పైకప్పే కూలింది. మ్యాచ్‌ను డెట్రాయిట్‌కు మార్చి సోమవారానికి వాయిదా వేశారు. ఆకాశమే విరిగిపడి ఒక రోజు గడువిచ్చినా భుజం మాట వినలేదు. రికార్డు ఆగింది. అంకెల కోసమే అయితే కథ అక్కడ కంచికి చేరాలి. వారం తిరిగేసరికి, మంచులో, గడ్డకట్టిన నేల మీద, అదే భుజంతో మళ్లీ దిగాడు. షికాగో ఆటగాడు ఒకడు పడగొడితే తల నేలకు తగిలి స్పృహ తప్పింది. మళ్లీ ఆడలేదు.

2013 అక్టోబర్‌లో సెయింట్ లూయిస్ రామ్స్ తమ క్వార్టర్‌బ్యాక్ గాయపడితే ఈయనకు కబురు పెట్టారు. వయసు 44. టచ్‌డౌన్ రికార్డు ఇంకా ఆయనదే, వెనక మానింగ్ తరుముకొస్తున్నాడు. వద్దన్నాడు. కబురు ఆగస్టులో వచ్చి ఉంటే ఏమనేవాడోనని గిట్టనివాళ్లు గొణిగారు, నేను గొణగలేదు. ఆ రోజుల్లోనే రేడియోలో మాట్లాడుతూ, తన కూతురు ఒక వేసవిలో సాకర్ ఆడిన సంగతి తనకు గుర్తే లేదని చెప్పాడు. ఆయన్ని 525 సార్లు పడేశారని రికార్డుల పుస్తకంలో ఉంది. తలకు ఎన్నిసార్లు తగిలిందో రాయడానికి మాత్రం ఆ పుస్తకంలో గడి లేదు.