ఆదర్శాన్ని అంటగట్టవద్దు, అమ్ముకోవద్దు

క్రికెటర్ ఎవరైనా పబ్బులో గొడవపడ్డాడనో, విడాకులు తీసుకున్నాడనో వార్త రాగానే మనలోని పెద్దమనిషి నిద్ర లేస్తాడు. పిల్లలకు ఆదర్శంగా ఉండాల్సినవాడు ఇలాగేనా ప్రవర్తించేదని టీవీ చర్చల్లో నిలదీస్తాడు. ఒకప్పటి ప్రపంచకప్ వీరుడు అదే టీవీలో ఓవర్ల మధ్య విరామంలో పాన్ మసాలా కంపెనీ యాలకుల పొట్లం పట్టుకుని నవ్వితే మాత్రం ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. మా అభ్యంతరం ఈ తారుమారు నీతి మీదే. ఆటగాడి సంసారం, స్నేహాలు, ముక్కుమీది కోపం అతని సొంత వ్యవహారాలు. దేనికి డబ్బు తీసుకుని తన ముఖం అరువిచ్చాడన్నది మాత్రం అందరి వ్యవహారం.

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టూ దుకాణాల్లో 2025 దాకా వేలాడిన నీలం జెర్సీలనే తీసుకోండి. వీపు మీద కోహ్లీ నంబరు 18, ఛాతీ మీద డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల యాప్ డ్రీమ్11. 2023 జులై నుంచి రెండేళ్లకు పైగా భారత క్రికెట్ జట్టుకు ఆ సంస్థే ప్రధాన స్పాన్సర్‌గా ఉండేది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. అంటే ఆ యాప్‌లో డబ్బు కట్టి ఆడటానికి మన రాష్ట్రంలో వీలు లేదు. అయినా ఆ పేరును గుండెల మీద వేసుకునే మన పిల్లలు జాతరకూ వెళ్లారు, వేసవి శిబిరానికీ వెళ్లారు. రాష్ట్రం వద్దన్నదాన్ని జాతీయ జట్టు ఒంటి మీద వేసుకుని తిరిగితే ఆరో తరగతి పిల్లవాడు ఎవరి మాట వింటాడు? 2025 ఆగస్టులో దేశమంతటికీ వర్తించేలా పార్లమెంటు చట్టం చేశాక గానీ ఆ పేరు జెర్సీని వదలలేదు. అది క్రికెట్ బోర్డుకు కలిగిన జ్ఞానోదయం కాదు.

ఈ వాదనకు అమెరికాలో ఒక పాత కథ ఉంది. తాను ఎవరికీ ఆదర్శం కాదని బాస్కెట్‌బాల్ ఆటగాడు చార్లెస్ బార్క్‌లీ 1993లో ముఖం మీదే చెప్పాడు. బంతిని బుట్టలో వేయడం వచ్చినంత మాత్రాన మీ పిల్లల్ని నేను పెంచాలా, అది తల్లిదండ్రుల పని కదా అన్నాడు. మాటలో న్యాయం ఉంది. కానీ ఆ మాట అన్నది నైకీ ప్రకటనలో. నన్ను చూసి ఏమీ నేర్చుకోకండి, బూట్లు మాత్రం కొనుక్కోండి అన్నట్టు! పిల్లలు తనను చూసి అనుకరిస్తారన్న నమ్మకం లేకపోతే ఏ కంపెనీ అయినా అతనికి డబ్బు ఎందుకిస్తుంది?

తల్లిదండ్రులే ఆదర్శం కావాలన్న వాదనకు మన పాలమూరులో ఇంకో చిక్కు ఉంది. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు ఎన్నో ఊళ్ల నుంచి అమ్మానాన్నలు ముంబయి, పుణె, హైదరాబాద్ పనులకు వలసపోతారు. పిల్లలు తాత, నాయనమ్మల దగ్గర ఉంటారు. వారానికోసారి తల్లి గొంతు వినబడే ఫోనులోనే ఆ పిల్లవాడు మిగతా ఆరు రోజులూ క్రికెట్ చూస్తాడు. అందులో కనబడే మనిషి తనను పట్టించుకోవద్దంటే ఆ పిల్లవాడు పట్టించుకోకుండా ఉంటాడా?

నిజానికి పిల్లలు ఆటగాళ్ల శీలాన్ని అనుకరించరు, కంటికి కనబడేదాన్ని అనుకరిస్తారు. 1990లలో ఉమ్మడి రాష్ట్రంలో గల్లీ క్రికెట్ ఆడిన ప్రతి కుర్రాడూ అజారుద్దీన్‌లా కాలరెత్తి, మణికట్టు తిప్పి లెగ్ సైడుకు కొట్టాలని చూసినవాడే. 2000 డిసెంబరులో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై బోర్డు ఆయనను జీవితకాలం నిషేధించింది. ఆ నిషేధం చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఈ రెంటి మధ్యా ఆ కుర్రాళ్లు చెడిపోనూ లేదు, తీర్పు తర్వాత కొత్తగా బాగుపడనూ లేదు. వారికి మిగిలింది మణికట్టు విసురే. కాబట్టి ఆటగాడు తప్పటడుగు వేస్తే తరం తరమంతా దారి తప్పుతుందన్న భయం అతిశయోక్తి. చేతిలో పట్టుకుని చూపించే పొట్లం, నొక్కమని చూపించే యాప్ అలా కాదు. అవి అనుకరించడం కోసమే తయారైనవి.

దేవరకొండ దారిలో ఏదో ఒక కిరాణా కొట్టు దగ్గర ఆగి చూడండి. కొట్టు ముందు దండల్లా వేలాడే పొట్లాల్లో ఒక వరుస పాన్ మసాలా, పక్క వరుస జర్దా అనే నమిలే పొగాకు. రెండూ కలిపితే గుట్కాయే. గుట్కా మీద నిషేధం ఉంది కదా, అందుకని విడివిడిగా అమ్ముతారు. అడిగినవాడికి రెండూ ఒకేసారి చింపి ఇస్తారు. పక్కనే రాళ్లు పేర్చి వికెట్లు పెట్టిన పిల్లలు బిస్కెట్ కోసం వచ్చేది ఆ కొట్టుకే. ఆ కంపెనీ పేరు వాళ్లకు కొత్త కాదు, టీవీలో చూసిందే.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నది ఆటగాళ్ల వాదన. మోకాలు జారితే ముగిసిపోయే వృత్తి అది, సంపాదించుకోవడం తప్పు కాదు. కానీ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్ ఏమీ కలిగినవాడు కాదు. శీతల పానీయం ప్రకటన చేతిదాకా వస్తే, తాను తాగనిదాన్ని పిల్లల్ని తాగమనలేనని వదులుకున్నారు. తర్వాత అకాడమీ కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. అందరూ అంత త్యాగం చేయాలని మేము అడగడం లేదు. కోట్లున్నవాళ్లు కనీసం పాన్ మసాలాను, పందేన్ని వదులుకోలేరా అన్నదే ప్రశ్న.

చట్టం ఈ ప్రశ్నను ఎప్పుడో అడిగింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవారికి రూ.10 లక్షల దాకా, మళ్లీ చేస్తే రూ.50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. మొదట ఏడాది, తర్వాత మూడేళ్ల పాటు ప్రకటనలు చేయకుండా ఆపవచ్చు. చెప్పేది నిజమో కాదో ముందే సరిచూసుకుంటే తప్పించుకునే వీలూ ఉంది. నిషిద్ధ సరుకును వేరే పేరుతో చాటుగా ప్రచారం చేయడాన్ని 2022 మార్గదర్శకాలు అడ్డుకున్నాయి. పొగాకు, మద్యం ప్రకటనలు వద్దని 2025 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఐపీఎల్‌కు లేఖ రాసింది. లేఖలతో పని జరిగే దేశమే అయితే ఈ సంపాదకీయం అవసరమయ్యేది కాదు.

ఆటగాడి మీద మరో బాధ్యత ఉంది, అది ఆటలోనే ఉంది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు డోపింగ్ (నిషిద్ధ మందుల వాడకం) పరీక్ష అధికారులు వచ్చారని తెలియగానే పరుగువీరులు మాయమయ్యారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్‌లో ఒక్కడే పరుగెత్తాడు. సూది గుచ్చుకోవడాన్ని జూనియర్లకు నేర్పేది సీనియర్లే. పబ్బు గొడవకంటే ఇది వెయ్యి రెట్లు పెద్ద నేరం, చర్చ మాత్రం వెయ్యో వంతు కూడా లేదు.

ఆటగాళ్లను ఇంత నిలదీశాక మన వైపూ చూసుకోవాలి. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది ఉమ్మడి నల్లగొండలోని భువనగిరి రాతి కొండ మీద. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గిరిజన బాలికకు గురుకులం, శిక్షకుడు, తాడు, కొండ అన్నీ దొరికాయి. అవేమీ లేని పిల్లలకు టీవీలో ఎంత గొప్ప ఆదర్శం కనబడినా ఒరిగేదేముంది? 2022 జూన్‌లో ఊరూరా మొదలైన తెలంగాణ క్రీడా ప్రాంగణాలు చాలాచోట్ల తుప్పుపట్టిన కడ్డీలు, పిచ్చిమొక్కల మధ్య వంగిపోయిన బోర్డులుగా మిగిలాయి. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు ఇస్తే అందులో పీఈటీలు, అంటే ఆటలు నేర్పే టీచర్లు, రాష్ట్రం మొత్తానికీ 182. ఆటల పీరియడ్‌ను పదో తరగతి లెక్కలు మింగేస్తాయి. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభం రోజునే గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. ఆట కోసం ఎగబడి వచ్చే జనం ఉన్న జిల్లాలో కూర్చోవడానికి గట్టి బల్ల లేకపోయింది.

నిషిద్ధ సరుకుల ప్రకటనల్లో కనిపించకూడదన్న షరతును క్రికెట్ బోర్డు, ప్రో కబడ్డీ ఫ్రాంచైజీలు ఆటగాళ్ల ఒప్పందాల్లోనే రాయాలి. రిటైరైనవారికి ఇచ్చే పింఛన్లు, కామెంటరీ అవకాశాలకూ ఆ షరతు వర్తించాలి. రాష్ట్ర ప్రభుత్వం డీఎస్పీ పోస్టులు, స్థలాలు ఇచ్చి గౌరవించే క్రీడాకారులకు ఆ జీవోలోనే ఈ మాట చేర్చడం ఒక్క పేరా పని. ఇక పీఈటీ ఖాళీలు ఏ మండలంలో ఎన్ని ఉన్నాయో బడులు తెరిచేలోగా బయటపెట్టి, ఆ తర్వాత టీవీలోని ఆటగాడి గుణగణాల గురించి మాట్లాడుకుందాం.