రాహుకేతువులకు క్షమాపణలు

రాహుకేతువులను తలుచుకుంటే నాకు జాలేస్తుంది. తిరుపతి చుట్టుపక్కల ఎవరికి పెండ్లి ఆలస్యమైనా నింద వాళ్ళ మీదే. నా కేసులో అయితే వాళ్ళు పూర్తిగా నిర్దోషులు. ఆరేళ్ళుగా ఒకే మనిషితో కాపురం చేస్తున్నాను. ఆ మనిషి మగవాడు. ఏ గ్రహమూ అడ్డం రాలేదు. ఈ సంగతి ఇంట్లో చెప్పాను కూడా. విన్నారు, ఏడ్చారు, కండ్లు తుడుచుకుని శ్రీకాళహస్తికి పోదాం పదమన్నారు.

ఇప్పటికి మూడుసార్లు పోయొచ్చాం. వెండి నాగపడగల ముందు బుద్ధిగా కూర్చున్నాను. పూజయ్యాక ఇంకో గుడికీ, ఎవరింటికీ పోకుండా నేరుగా ఇంటికే చేరాలని నియమం. ఆ ఇంట్లో దోషమే కాఫీ కలిపి పెడుతుంటే ఎట్లా స్వామీ అని పూజారిని అడగాలనుకున్నాను. ఇంకో పరిహారం చెప్తాడేమోనని ఊరుకున్నాను.

పోయిన నెల గృహప్రవేశంలో మా మేనమామ ఓళిగ మీద నెయ్యి పోయించుకుంటూ నాకు హితబోధ మొదలుపెట్టాడు. "మగోడన్నాక మగోడి మాదిరి ఉండల్ల రా!"

అన్నదెవరో చూడండి. మే నెలలో గంగజాతర వచ్చిందంటే పట్టుచీర కట్టుకుని తాతయ్యగుంట గుడికి నడిచే మనిషి. అది మొక్కు, దానికి నేనూ దండం పెడతాను. పాలెగాడిని పట్టుకోవడానికి గంగమ్మ తల్లే వేషాలు మార్చిందంటారు మరి. కుచ్చిళ్ళు మా అత్తే పెడుతుంది. కిందటేడు సవరం నిలవడం లేదని ఇంట్లో పిన్నులన్నీ మామ నెత్తికే గుచ్చారు. వడ్డాణం పొట్ట చుట్టూ రాకపోతే వెనకాల పురికొసతో కలిపి కట్టారు. గాజులు సబ్బునీళ్ళతో ఎక్కించారు. దిగకపోతే మూడు రోజులు వాటితోనే బ్యాంకుకు పోయాడు. ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెడితే అందరూ దండాలే దండాలు. నేనేమో పుట్టి బుద్ధెరిగాక ప్యాంటూ చొక్కా తప్ప ఇంకోటి వేసుకున్న పాపాన పోలేదు. అయినా మా ఇంట్లో 'తేడా' నేనే.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇది నేరం కాదని చెప్పింది కదా మామా అన్నాను. "కోర్టు ఒప్పుకుంటే సరిపోతుందా, చుట్టాలు ఒప్పుకోవద్దా?" అన్నాడు. ఇట్లాంటి పెండ్లిళ్ళకు చట్టంలో చోటివ్వలేమని 2023లో అదే కోర్టు చెప్పిన తీర్పు మాత్రం ఆయనకు తేదీతో సహా కంఠోపాఠం. అక్టోబరు 17.

భోజనాలయ్యాక ఫొటోలు. వాడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "నువ్వు రోంత పక్కకు జరుగు నాయనా, ఇది ఫ్యామిలీ ఫొటో" అని అత్త వాడి చేతిలోనే ఫోను పెట్టింది. వాడు నవ్వుతూ తీశాడు. ఆరేళ్ళుగా మా ఇంటి ఫొటోలన్నీ తీసింది వాడే, ఒక్కదాంట్లోనూ వాడు లేడు.

మా నాయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి వరండాలో పదకొండు రాత్రులు నేల మీద పడుకున్నదెవరు? ఆ ఫొటోలో పండ్లికిలించిన పద్దెనిమిది మందిలో ఒక్కరైనా ఒక్క రాత్రి ఉన్నారా? నాయన మందుల టైము ఇప్పటికీ వాడి ఫోనులోనే మోగుతుంది. ఆ ఫోను పక్కన పెట్టి మీ ఫోను పట్టుకోమనడానికి మీకు నోరెట్లా వచ్చింది? సిగ్గు లేదా?

సరే. బీపీ మాత్ర వేసుకున్నాను.

నిన్న అత్త ఫోన్ చేసింది. నాలుగోసారి కూడా చేయిస్తే పూర్తిగా పోతుందని ఎవరో చెప్పారట. వచ్చే ఆదివారం, రాహుకాలం 4.30కి, మధ్యాహ్నం రెండుకే బయలుదేరాలి. "ఆ అబ్బోడికి ముందే చెప్పి పెట్టు" అంది. మూడుసార్లూ కారు తోలింది వాడే మరి.