వార్నర్ ఓలాండ్ చైనీయుడు కాదు

పాత హాలీవుడ్ చిత్రాలంటే ఇష్టపడే మిత్రులు ఒకే సందేశాన్ని మళ్ళీ మళ్ళీ పంపుతున్నారు. 1931లో వచ్చిన 'ది బ్లాక్ కేమెల్', హొనొలులు పోలీసు శాఖలో పనిచేసే చైనీయ డిటెక్టివ్‌గా కల్పించిన చార్లీ చాన్ చిత్రాల్లో మొదటిదనీ, అది హొనొలులులో నిజంగా జరిగిన హత్య కేసు అనీ, వార్నర్ ఓలాండ్ అనే చైనీయ నటుడిని కథానాయకుణ్ణి చేసి హాలీవుడ్ ఆసియావాసులను గౌరవించిందనీ అందులో ఉంది.

మొదటి మాటకు ఎక్కువ సమయం అక్కర లేదు. 1926లోనే ఒక మూకీ సీరియల్‌లో చాన్ కనిపించాడు.

రెండవదీ తప్పే. ఆ కథ ఎర్ల్ డెర్ బిగ్గర్స్ 1929లో ప్రచురించిన నవల. అయితే హొనొలులు పోలీసు శాఖలో, చాన్ పాత్రకు ప్రేరణ అని చెప్పుకునే చాంగ్ అపానా అనే చైనీయ డిటెక్టివ్ నిజంగానే ఉండేవాడు. చిత్రీకరణ కొంత ఆ ఊళ్ళోనే జరిగింది, అతడు వెళ్ళి చూశాడు కూడా. ఆ మేరకు సందేశంలో నిజం ఉంది.

నన్ను బాధించేది మూడవ మాట. చాన్ వేషం వేసిన వార్నర్ ఓలాండ్ స్వీడన్‌లో పుట్టినవాడు. 1926, 1927 చిత్రాల్లో ఆ పాత్ర వేసిన జార్జ్ కువా, సోజిన్ ఇద్దరూ జపనీయులు. అప్పట్లో ప్రధాన తారలు వేరే ఉండేవారు. చాన్ కథకు కేంద్రమై, పేరూ డబ్బూ తెచ్చే పాత్ర అయ్యాక అది ఓలాండ్ చేతికి వెళ్ళింది. అదే 1931లో అతడు ఫూ మాంచూ అనే చైనీయ దుష్టుడిగానూ నటించాడు. ఫూ మాంచూ కూతురి పాత్ర వేసిన అన్నా మే వాంగ్ మాత్రం లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన నిజమైన చైనీయ అమెరికన్. నాయకుడూ, దుష్టుడూ ఇద్దరూ ఒక స్వీడన్ మనిషే అయినప్పుడు, దీన్ని ఏ ముఖంతో ఆసియావాసులకు గౌరవమని పిలుస్తున్నారు?

ఓలాండ్ నటన బాగుంది, దాన్ని కాదనను. 1936లో అతడు షాంఘై వెళితే అక్కడివారు ఆదరంగా స్వాగతించారు, ఎందుకంటే తెరమీద చైనీయుడు తెలివిగా, మర్యాదగా, గెలిచేవాడిగా కనబడడం వారికి అరుదు. ఆ ఆనందం నిజమే, కానీ అది ఓలాండ్‌ను చైనీయుణ్ణి చేయదు. గ్వాంగ్జౌలో పుట్టిన కీ లూక్ 1935 నుంచి చాన్ కొడుకుగా నటిస్తూ వచ్చాడు. అయినా 1938లో ఓలాండ్ మరణించాక చాన్ పాత్ర మిస్సోరీలో పుట్టిన సిడ్నీ టోలర్‌కు వెళ్ళింది, టోలర్ తరువాత మరో శ్వేతజాతి నటుడు రోలండ్ వింటర్స్‌కు వెళ్ళింది.