కన్నీళ్లు అవిశ్వాసం కాదు
విశ్వాసం గట్టిగా ఉంటే కష్టంలో కన్నీళ్లు రావని ఒకరు రాశారు. ఆ ఒక్క మాట ఒప్పుకోలేను. తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్లు విడిచారు కదా! ఫిలిప్పీ పట్టణంలోని విశ్వాసులకు ఆనందించమని చెరసాల నుంచి రాసిన అపొస్తలుడైన పౌలు కూడా, తన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుతో చనిపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని అదే ఉత్తరంలో చెప్పాడు. అమ్మ మంచం పట్టిన ఎనిమిది నెలలూ నేను ఏడుస్తూనే ఉన్నాను. ప్రార్థన చేద్దామంటే మాట పెగిలేది కాదు. మా సంఘంలో ఒక అక్క వచ్చి, ఏమీ బోధించకుండా, పక్కన కూర్చుని బైబిల్లోని కీర్తనలు చదివేది. టెన్షన్ తగ్గలేదు, అమ్మ కోలుకోలేదు. కానీ దేవుడు నన్ను వదిలేయలేదన్న నెమ్మది ఆ ఏడుపు మధ్యలోనే దొరికింది, ఏడుపు ఆగాక కాదు. అమ్మ పోయిన రాత్రి కూడా ‘యెహోవా నా కాపరి’ అనే 23వ కీర్తనే నా నోట్లో మెదిలింది.