మిస్సింగ్ పట్టుకోవడం మహాపరాధం

బండికి మిస్సింగ్ ఎందుకొస్తోందో పరీక్ష చేసి మరీ కనిపెట్టాలని ఈమధ్య కొందరు కుర్ర మేస్త్రీలు చేస్తున్న ప్రయత్నాలను ఈ కాలమ్ తీవ్రంగా ఖండిస్తోంది. మనకంటూ ఒక పద్ధతుంది. బండి వస్తుంది. మేస్త్రీ గారు ఓ చెవి అటు పడేసి వింటారు. "కాయిల్ పోయింది" అంటారు, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టడానికి కరెంటిచ్చే భాగమన్నమాట. మారుస్తారు. డబ్బులిస్తాం. ఇందులో విచారణకు చోటెక్కడుంది? ఉండాల్సిన అవసరమేముంది?

సంగతి తెలియనివారి కోసం కాస్త వివరం. నాలుగు సిలిండర్ల ఇంజిను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, ఒక్కో సిలిండరు రెండు చుట్లకోసారి మండాలి కాబట్టి, మొత్తం మీద సెకనుకు 100 సార్లు మంట పుట్టాలి. ఆ వందలో ఒకటో రెండో పుట్టకపోతే దానికి మిస్సింగ్ అని పేరు పెట్టారు. అంటే నూటికి 98 మార్కులన్నమాట. పిల్లాడు తెచ్చుకుంటే వీధంతా స్వీట్లు పంచే మార్కులవి. బండి తెచ్చుకుంటే మాత్రం షెడ్డుకు తోలేస్తున్నాం.

అయితే అన్ని మిస్సింగులూ ఒక్కలాంటివి కావు. పొద్దున స్టార్ట్ చేసింది మొదలు రాత్రి ఆపేదాకా కొట్టే మిస్సింగ్‌లో గొప్పేమీ లేదు, షెడ్డులో టీలు తెచ్చే కుర్రాడు కూడా పట్టేస్తాడు. గౌరవించాల్సింది వచ్చిపోయే మిస్సింగ్‌ని. దానికి స్థలమూ కాలమూ తెలుసు. ఎవరి ముందు కొట్టాలో, ఎవరి ముందు కొట్టకూడదో అంతకన్నా బాగా తెలుసు.

బెజవాడలో నేనెరిగిన పికప్ బండి ఒకటుంది. పెట్రోలు మీదా గ్యాసు మీదా నడిచే బండి, పొగ కట్టడికి పెట్టిన బీఎస్6 నిబంధనల ప్రకారం తయారైంది. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో కందిపప్పు బస్తాలు ఎత్తుకుని ఊళ్ళోకి వస్తుంది. భవానీపురం దాటి దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కుతుండగా, మే నెల ఎండలో, నాలుగో గేరులో, గ్యాసు మీద ఉండగా రెండు జర్కులిస్తుంది. డ్రైవరు గేరు తగ్గిస్తాడు, ఇంకో జర్కు. ఫ్లైఓవర్ దిగాక ఏమీ ఎరగనట్టు పరిగెడుతుంది. ఆటోనగర్ చేరి, బానెట్ ఎత్తి, మేస్త్రీ గారు టీ ముగించుకుని వచ్చేసరికి ఇంజిను మీద రూపాయి బిళ్ళ నిలబెట్టొచ్చు, అంత నిదానంగా తిరుగుతూ ఉంటుంది.

"ఏదిరా మిస్సింగ్?"

"ఇందాక వచ్చింది మేస్త్రీ గారూ. ఎత్తు ఎక్కేటప్పుడు అసలు పికప్పే లేదు."

"ఇప్పుడేది మరి?"

"ఇప్పుడు లేదండి."

"లేనిదాన్ని నన్నెట్టా బాగుచెయ్యమంటావురా?"

ఈ ప్రశ్నకు వేదాంతంలో కూడా సమాధానం లేదు. కానీ కుర్ర మేస్త్రీలు ఊరుకోరు కదా, కారణాలు చెబుతారు. ఎత్తు ఎక్కేటప్పుడు డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కుతాడు, సిలిండర్లోకి గాలి ఎక్కువ వెళ్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో ప్లగ్గు మొన దగ్గర నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. గ్యాసు మీదైతే పెట్రోలుకన్నా ఇంకా ఎక్కువ కావాలి. దానికి తోడు వేడెక్కిన వైరు, వదులైన క్లిప్పు. బండి ఖాళీగా, చల్లగా, నీడలో నిలబడి ఉన్నప్పుడు ఇవేవీ ఉండవు, కాబట్టి మిస్సింగూ ఉండదంటారు. అంటే రోగిని రోగం లేనప్పుడే డాక్టరు దగ్గరికి తెస్తున్నామని వాళ్ళ ఆరోపణ. అయితే ఏంటట? మేస్త్రీ గారు బస్తాల బండి ఎక్కి, మిట్టమధ్యాహ్నం ఫ్లైఓవర్ మీద ఊరేగాలా? ఆయన పరువేం కావాలి?

ఇక నిపుణుల సంగతి. ఈ బండి విషయంలో అభిప్రాయం లేని మనిషి నాకు తారసపడలేదు. డ్రైవరు దృష్టిలో అది బంకులో కల్తీ. ఓనరు గారి దృష్టిలో డ్రైవరు క్లచ్ మీద కాలు తియ్యకపోవడం. పప్పుల కొట్టు షావుకారు, బండెక్కడుందని ఫోన్ చేసినప్పుడల్లా, "మా బావమరిది బండికీ ఇట్టాగే అయితే పంపు మార్చారు" అని ఉచితంగా చెబుతారు. ఆటో ఎలక్ట్రీషియన్ ఎర్తు లూజంటాడు. ఈయన మాట మాత్రం ఎన్నడూ తప్పు కాదు, ఎందుకంటే ప్రపంచంలో ఏదో ఒక ఎర్తు ఎప్పుడూ లూజుగానే ఉంటుంది.

అసలు రసవత్తరమైన ఘట్టం గ్యాసు కిట్ మేస్త్రీకీ ఇంజిన్ మేస్త్రీకీ మధ్య నడుస్తుంది. పెట్రోలు మీదికి మారిస్తే మిస్సింగ్ రావట్లేదు. "చూశారా, ఇంజిను బంగారం, దోషం మీ గ్యాసుది" అంటాడు ఈయన. ఆయన గ్యాసు ఫిల్టరు తీసి చూపిస్తాడు, ప్రెషరు తగ్గించే రెడ్యూసరు తిప్పి చూపిస్తాడు, "మాది సుద్దంగా ఉంది, మీ ప్లగ్గులు చూసుకోండి" అంటాడు. బలహీనంగా ఉన్న స్పార్కు పెట్రోలుని ఎలాగో అంటించి, గ్యాసు దగ్గర చేతులెత్తేస్తుందనే మూడో సంగతొకటి ఉంది. అదే నిజమైతే పెట్రోలు మీద బాగుందన్న ఒక్క సాక్ష్యంతో ఇద్దరిలో ఎవరినీ నిర్దోషిగా వదలడానికి వీల్లేదు. కానీ దాన్ని బయటపెడితే రెండు షెడ్లకు మధ్య ఉన్న ఈ ఆరోగ్యకరమైన పోటీ దెబ్బతింటుంది. బండి అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. తిరగడానికేగా బండి కొన్నది.

స్కానర్ వచ్చాక ఈ గొడవంతా పోతుందని కొందరు భయపడ్డారు. భయపడాల్సిన పనే లేకపోయింది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చితే బండి కంప్యూటర్ తన మనసులో మాట చెబుతుంది. పి0303 అంటే మూడో సిలిండర్లో మిస్సింగ్. పి0300 అంటే మిస్సింగైతే ఉంది గానీ ఫలానా సిలిండరని చెప్పలేను అని. ఇదంతా కంప్యూటర్‌కి దివ్యదృష్టి ఉండి కాదు. ఒక్కో మంటకు ఇంజినులో తిరిగే ఇరుసు, అంటే క్రాంకు, ఎంత వేగం పుంజుకుందో సెన్సారుతో కొలుచుకుంటూ, పుంజుకోని చోట తప్పు రాసుకుంటుంది. గతుకుల రోడ్డులో చక్రాల కుదుపు క్రాంకుదాకా పాకి ఆ లెక్కని చెడగొడుతుంది కాబట్టి, కొన్ని బండ్లలో రోడ్డు బాగాలేదని తోస్తే కంప్యూటర్ మిస్సింగ్ లెక్కే కాసేపు మానేస్తుంది. మన రోడ్ల మీద అది డ్యూటీలో ఉండేది ఎంతసేపో మీరే అంచనా వేసుకోండి.

కోడ్‌తోపాటు ఆ క్షణాన బండి ఉన్న స్థితి కూడా కంప్యూటర్ దాచిపెడుతుంది. ఎంత వేగం, ఎన్ని చుట్లు, ఇంజిను మీద ఎంత బరువు, నీళ్ళ వేడి ఎంత, అన్నీ. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. దొంగ పారిపోయినా వేలిముద్రలు మిగిలి ఉన్నాయన్నమాట. అందుకే మన మేస్త్రీ గారు స్కానర్ గుచ్చగానే చేసే మొదటి పని ఆ కోడ్ చెరిపెయ్యడం. దాంతో ఫ్రీజ్ ఫ్రేమూ పోతుంది. స్కానర్ లేని షెడ్డులో బ్యాటరీ టెర్మినల్ పీకి పెడతారు, ఫలితం ఇంచుమించు అదే. "రీసెట్ చేశాను, రెండ్రోజులు తిప్పి చూడు." ఆ రెండ్రోజుల్లో చెక్ ఇంజిన్ లైటు మళ్ళీ వెలిగితే డ్రైవరు దగ్గర మందుంది. ఈ బండి మీటరు మీద నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క, సరిగ్గా లైటు సైజుకు కత్తిరించి, అంచులు గోటితో నొక్కి అంటించి ఉంది. పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. ఆ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే అర్థం వేరు. మండని ఇంధనం సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్లోకి పోయి అక్కడ మండుతోంది, కన్వర్టర్ కాలిపోయే ప్రమాదముంది, ఆపమని. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయందులో. టేపు కింద అది వెలుగుతోందో, వెలిగి ఆరుతోందో ఎవరికి కనిపిస్తుంది?

ఇలా సాక్ష్యాలన్నీ శుభ్రంగా తుడిచేశాక అసలు వైద్యం మొదలైంది. ముందు ప్లగ్గులు మార్చారు. మిస్సింగ్ పోయింది! వారానికి తిరిగొచ్చింది. నాలుగు కాయిల్సూ మార్చారు. పోయింది! మళ్ళీ వచ్చింది. ఇంజెక్టర్లు విప్పి సర్వీసు చేశారు, థ్రాటిల్ బాడీ కడిగారు, ఆక్సిజన్ సెన్సారు మార్చారు. మార్చిన ప్రతిసారీ బండి నాలుగైదు రోజులు అమోఘంగా నడిచింది. మేస్త్రీ హస్తవాసి మీద ఓనరు గారికి గురి పెరిగింది, ఏం మార్చినా గుణం కనిపిస్తోంది కదా మరి. ఆ పనుల్లో దేనికి చెయ్యి పెట్టాలన్నా దారిలో ఉన్న మూడో కాయిల్ క్లిప్పుని పీకి మళ్ళీ గుచ్చాల్సిందేనని, గుచ్చినప్పుడల్లా లోపలి పిన్ను కాస్త రాసుకుని నాలుగు రోజులు బుద్ధిగా పనిచేస్తుందని ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడమే మంచిదైంది. పాత పార్టులన్నీ ఓనరు గారు కవర్లో పెట్టించుకుని గోడౌన్‌లో తూకం రాళ్ళ పక్కన భద్రం చేశారు. అందులో నాలుగు కాయిల్సూ నిక్షేపంగా ఉన్నాయి.

ఇంత సవ్యంగా సాగుతున్న వ్యవహారంలోకి ఓ కుర్ర మేస్త్రీ తల దూర్చాడు. వాడి పద్ధతులు వింటే ఒళ్ళు మండుతుంది. కోడ్ చెరపలేదు. ముందు చదివి కాగితం మీద రాసుకున్నాడు. మూడో సిలిండరు కాయిల్‌ని తీసి రెండో దానికి పెట్టాడు, రెండో దాన్ని మూడుకి. బస్తాలు దింపనివ్వకుండా తనే ఎక్కి ఫ్లైఓవర్ మీదికి తీసుకెళ్ళాడు. తప్పు కాయిల్‌దైతే కోడ్ పి0302గా మారి తీరాలి. మారలేదు, మూడులోనే ఉంది. కాయిల్ నిర్దోషి. ప్లగ్గుల్ని అదే మాదిరి అటూ ఇటూ మార్చాడు. అదీ నిర్దోషే. సిలిండర్లలో ఒత్తిడి, అదే కంప్రెషన్, కొలిచాడు, నాలుగూ సమానం. ఇంతవరకూ ఒక్క పార్టు కొనలేదు, గమనించండి. షాపు మొహం చూడకుండా పూట గడిపేశాడు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్లు పెట్టుకున్నవాళ్ళు ఏమైపోవాలి?

చివరికి ఇంజిన్ ఐడిలింగ్‌లో పెట్టి, వైరింగ్‌ని జానెడు జానెడు పట్టుకుని కదుపుతూ వచ్చాడు. మూడో కాయిల్ క్లిప్పు దగ్గర వేలు ఆనగానే ఇంజిను దగ్గింది. వదిలితే మామూలే. క్లిప్పుకి లాకు నాలిక విరిగిపోయి ఉంది. ఎవరి చేతుల్లో విరిగిందో ఆ క్లిప్పుకే తెలియాలి. లాకు లేక పిన్ను వదులై, కాయిల్‌కి కరెంటు అరకొరగా అందుతోంది. చల్లగా, ఖాళీగా ఉన్నప్పుడు ఆ అరకొరే సరిపోతోంది. ఎండ, బరువు, గ్యాసు, ఫ్లైఓవర్ మీద అతుకుల దగ్గర ఎగుడు, ఇన్నీ కలిస్తే చాలట్లేదు. కుర్రాడు లోపలి పిన్నుని బిగించి, క్లిప్పు కదలకుండా ప్లాస్టిక్ టై వేశాడు. "కొత్త క్లిప్పు దొరికితే వేయించుకోండి సార్, అందాకా ఇది ఆగుతుంది" అని మూడొందలు అడిగాడు.

ఓనరు గారి ఆగ్రహం న్యాయమైనది. "ఏం మార్చావని మూడొందలు?"

"మార్చలేదండి, కనిపెట్టాను."

"కనిపెట్టినందుకు డబ్బులేంటయ్యా!"

ఈ కాలమ్ ఓనరు గారి పక్షాన నిలబడుతోంది. బిల్లు బుక్కులో పార్టు పేరు, కంపెనీ, సంఖ్య, రేటు అని గళ్ళున్నాయి. వెతికినందుకని గడి లేదు. వెతుకులాటకు మనమెన్నడూ డబ్బివ్వలేదు, ఇచ్చే ఉద్దేశమూ లేదు. మంచి కాయిల్ తీసి మంచి కాయిల్ వేసినవాడికి మారుమాట్లాడకుండా వేలు లెక్కపెట్టిస్తాం, ఎందుకంటే పాతది చేతిలో పెడతాడు, బరువు తెలుస్తుంది. పూటంతా ఎండలో నిలబడి ఆలోచించినవాడు చేతిలో ఏం పెడతాడు? ఆ సంగతి పెద్ద మేస్త్రీలకు ఎప్పుడో అర్థమైంది కాబట్టే వాళ్ళు ఆలోచించడం మానుకున్నారు. వాళ్ళకు చేతకాక కాదు, గిట్టుబాటు కాక.

బేరమాడి కుర్రాడి చేతిలో వంద పెట్టి పంపించారు. బండి వేసవి గడిచేదాకా జర్కన్నది లేకుండా నడిచింది. దాంతో ఓనరు గారికి కొత్త అనుమానం పట్టుకుంది. వందకు బాగయ్యే జబ్బుకి అంతంత ఖర్చెందుకయిందని కాదు. వంద రూపాయల వైద్యం ఎన్నాళ్ళుంటుందని. ఎందుకైనా మంచిదని పాత మేస్త్రీ గారికి చూపించారు. ఆయన బానెట్ ఎత్తి, ఆ టై వంక చూసి, "ఈ కట్లేంటండీ, ఇంజినా మూటా?" అని కట్టరుతో కత్తిరించి అవతల పారేశారు.

ప్రస్తుతం బండి ఆటోనగర్‌లోనే ఉంది. ఈసారి కంప్యూటరే మార్చాలంటున్నారు. అడ్వాన్సు ముట్టింది.