బీరువా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బీరువా గారికి,

జనం చెప్పిన జ్ఞాపకాలను రికార్డు చేసి తమకు అప్పగించే చిరుద్యోగిని. స్థానిక వారసత్వానికి అసలు ముప్పు దాన్ని బతికిన మనుషులేననీ, వాళ్ల మాటలు వాళ్ల చెవిన పడకుండా దాచడమే పరిరక్షణ అనీ నాకు తెలియజెప్పినందుకు తమకు రుణపడి ఉన్నాను.

తమ రెండో అరలో "వృద్ధురాలు–1" అని చీటీ అంటించిన క్యాసెట్ ఒకటి ఉంది. కూలగొట్టిన వాళ్ల వీధిని గురించి అడిగితే, ఆవిడ సుద్దముక్క అడిగి పుచ్చుకుని, నేల మీద చతికిలబడి, గీస్తూ చెప్పారు. టేపులో మిగిలింది "ఇదిగో, బావి ఇక్కడ, అదుగో, అక్కడ మలుపు" అన్న మాటలూ, సుద్ద గీరుకున్న చప్పుడూ మాత్రమే. ఆ బొమ్మను సాయంత్రం ఊడ్చేశారు. రాతప్రతిలో ఆ చోట నేను శ్రద్ధగా "అస్పష్టం" అనీ, మధ్యలో ఆవిడ పాడిన రెండు చరణాలకు "అప్రస్తుతం" అనీ రాశాను.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వాళ్లకు ఇంత క్రమశిక్షణ లేదు. 1966లో తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించి, ఆ తర్వాత సుమారు 60,000 మందిని వెళ్లగొట్టిన డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట పేరిట 1994లో తెరిచిన మ్యూజియంలో, నేలంతా పరుచుకున్న వీధుల పటం మీద పాత కాపురస్తులే తమ ఇళ్లున్న చోట్ల స్వహస్తాలతో పేర్లు రాసుకున్నారు. వచ్చినవాళ్లు గుడ్డ మీద రాసిన మాటలను దారంతో కుట్టి పదిలపరిచారు. పైగా జనం ఆ పటం మీదే నడుస్తారు! అడగడానికి ఒక ఫారమైనా ఉండొద్దూ?

ఇటలీలోని టెర్నీలో ఇంకా ఘోరం. అక్కడ 1949లో నాటో వ్యతిరేక నిరసనలో పోలీసుల చేతిలో మరణించిన ఉక్కు కార్మికుడు లుయీజీ ట్రస్టుల్లి, చాలామంది జ్ఞాపకాల్లో 1953 నాటి మూకుమ్మడి ఉద్యోగ తొలగింపుల గొడవల్లో చనిపోయాడు. తమరైతే ఎర్రసిరాతో దిద్ది ఊరుకునేవారు. చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి మాత్రం ఆ తప్పునే పట్టుకుని, ఆ జనానికి అసలు నొప్పి ఎక్కడుందో వెదికారు.

(ముందే గీసి పెట్టిన గోడబొమ్మకు చివర్లో జనం చేత నాలుగు కుంచె దెబ్బలు వేయించి, "ప్రజా భాగస్వామ్యం" అని ఫొటో దిగేవాళ్లు తమకు దూరపు చుట్టాలే. వారి సంగతి మరో లేఖలో.)

తేమకు టేపు జిగటబారుతోంది కనుక, రేపు మధ్యాహ్నానికి తాళంచెవి ఇప్పించవలసిందిగా ప్రార్థన. ఆ పేట పిల్లలు సుద్దముక్కలు పట్టుకుని వస్తున్నారు. "ఇక్కడ" అంటే ఎక్కడో చూపించడానికి ఆవిడ కూడా వస్తానన్నారు.

ఇట్లు,
"అస్పష్టం" అని రాసిన చెయ్యి