ట్యూనింగ్‌కు ముందు తూకం: కడప పికప్‌లు లోడుతో ఎందుకు లేవడం లేదు?

పులివెందుల, లింగాల తోటల్లోని అరటి గెలలైనా, మైదుకూరు పసుపైనా, యర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి బండలైనా కడప జిల్లాలో ముందుగా ఎక్కేది పికప్ బండే. ఆ బండ్ల యజమానులు మెకానిక్ షెడ్డుకు వచ్చి చెప్పే మాట ఎక్కువగా ఒకటే: ఖాళీగా బాగానే పోతోంది, లోడెక్కితే లేవడం లేదు. ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామును మార్చి 15, 20 శాతం పవర్ పెంచుతామనే చిప్ ట్యూనింగ్ ప్రచారం ఇప్పుడు ఈ ఫిర్యాదు చుట్టూనే తిరుగుతోంది. నా అభిప్రాయంలో ఆ ఖర్చు చాలావరకు తప్పుచోట పెడుతున్న ఖర్చు. ఈ బండ్లలో అత్యధికం శక్తి లేనివి కావు. ఉన్న శక్తిలో కొంత దారిలో పోగొట్టుకుంటూ, మిగిలినదాన్ని పరిమితికి మించిన బరువుకు ధారపోస్తున్నవి.

ముందు లెక్క చూద్దాం. ఈ తరగతి పికప్‌లలో చాలావాటికి ఇంజిన్ శక్తి 65 నుంచి 80 హార్స్ పవర్ మధ్య ఉంటుంది. అనుమతించిన లోడుతో కలిపి బండి మొత్తం బరువు సుమారు మూడు టన్నులు. కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాట్ లాంటి చోట, ప్రతి వంద మీటర్లకు ఆరు మీటర్ల ఎత్తు పెరిగే ఎక్కుడు ఉందనుకుందాం. మూడు టన్నుల బండి దాని మీద గంటకు 40 కిలోమీటర్ల వేగం నిలుపుకోవాలంటే, ఎదురుగాలిని లెక్కలోకి తీసుకోకపోయినా, చక్రాల దగ్గర సుమారు 32 హార్స్ పవర్ కావాలి. అదే బండిలో ఇంకో టన్ను వేస్తే ఆ అవసరం 42కు చేరుతుంది. అంటే 75 హార్స్ పవర్ బండికి ట్యూనింగ్ వాళ్లు ఇస్తామంటున్న 11 నుంచి 15 హార్స్ పవర్‌లో సింహభాగాన్ని ఆ ఒక్క అదనపు టన్నే మింగేస్తుంది. ట్యూనింగ్ చేయించి ఆ ధైర్యంతో మరో పది బస్తాలు వేసే యజమాని, డబ్బు పోసి మొదటికే వచ్చినట్టు.

బండల లోడు విషయంలో ఈ మోసం కంటికి కూడా తెలియదు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న నాపరాయి పలక ఒక్కటే దాదాపు 50 కిలోలు తూగుతుంది. అలాంటివి 25 వేస్తే పన్నెండున్నర క్వింటాళ్లు. వాటిని బాడీ నిండా పరిచినా జానెడు ఎత్తు దాటవు కనుక, చూసేవాళ్లకు బండి ఖాళీగానే కనిపిస్తుంది. దానికితోడు బలం కోసమని అదనంగా వేయించిన కమాన్ పట్టీలు, మందపాటి ఇనుప రేకు, క్యాబిన్ మీది జాలీ, ముందు బంపరు గార్డు అన్నీ కలిసి క్వింటాలుకు తక్కువ కాని బరువును రోజంతా ఊరికే మోయిస్తాయి. కమాన్ పట్టీలు పెంచితే బండి కుంగకపోవచ్చు గానీ, ఇంజిన్, క్లచ్, బ్రేకుల సామర్థ్యం ఒక్క కిలో కూడా పెరగదు.

ఇక దారిలో పోయే శక్తి సంగతి. దీని మీదే మెకానిక్‌లు ఎక్కువ సమయం పెట్టాలని నేను కోరుకుంటాను, ఎందుకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం దక్కేది ఇక్కడే. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలు ఎండకు, నూనెకు మెత్తబడి క్లిప్పుల దగ్గర సన్నగా చీలుతాయి. ఆ చీలిక నుంచి గాలి తప్పించుకుంటే పవర్ పడిపోతుంది, చాలా బండ్లలో నల్లపొగ కూడా మొదలవుతుంది, డ్రైవరు మాత్రం ఇంజిన్ అరిగిపోయిందనుకుంటాడు. సర్ఫు నీళ్లు గొట్టం మీద పోసి, మరొకరిని యాక్సిలరేటర్ తొక్కమంటే లీకున్న చోట నురగ పొంగుతుంది. వందల రూపాయల గొట్టం మారిస్తే పోయే జబ్బుకు వేల రూపాయల చిప్ అక్కర్లేదు. సిమెంటు ఫ్యాక్టరీల దారుల్లోనూ బండల క్వారీల దగ్గరా తిరిగే బండ్ల ఎయిర్ ఫిల్టర్లు కంపెనీ చెప్పిన కిలోమీటర్ల కంటే ముందే మూసుకుపోతాయి. వాటిని నేలకేసి కొట్టి, కంప్రెసర్ గాలితో ఊది మళ్లీ బిగించడం మన షెడ్లలో మామూలే. అలా ఊదినప్పుడు కాగితం చిరిగితే లోపలికి పోయే ఇసుక మొదట అరగదీసేది టర్బో రెక్కలనే.

బ్రేకు లైనర్లు పూర్తిగా వదలకపోవడం అంతగా ఎవరూ పట్టించుకోని మరో కారణం. కొంత దూరం వెళ్లి ఆగాక ఒక చక్రం హబ్ (నడిమి భాగం) మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే, లేదా జాకీ మీద లేపి తిప్పితే చక్రం బరువుగా కదిలితే, ఇంజిన్ బలంలో కొంత బ్రేకు డ్రమ్ములో వేడిగా మారుతున్నట్టే. టైర్లలో గాలి తగ్గడం, వాటర్ సెపరేటర్‌లో నీళ్లు చేరిన డీజిల్ ఫిల్టరు, జారుతున్న క్లచ్ ప్లేటు కూడా ఈ కోవలోవే. దర్జా కోసం పెద్ద టైర్లు వేయించేవాళ్లు ఒకటి గమనించాలి: టైరు వ్యాసం ఐదు శాతం పెరిగితే, అదే గేరులో రోడ్డును తోసే బలం దాదాపు ఐదు శాతం తగ్గుతుంది.

వాతావరణం పాత్ర కొంత ఉంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 43 డిగ్రీల గాలి సుమారు ఆరు శాతం పలచన. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కడపలో బండి మందంగా అనిపించడం భ్రమ కాదు. టర్బో, ఇంటర్‌కూలర్ ఈ లోటును చాలావరకు పూడుస్తాయి గానీ, ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య మట్టి పేరుకుంటే ఆ పని కుంటుపడుతుంది.

ఇంత చెప్పాక ట్యూనింగ్ ఉత్త బూటకమని అనను. రైల్ ప్రెజర్ (ఇంజిన్‌కు డీజిల్ అందే ఒత్తిడి), డీజిల్ చిమ్మే సమయం, టర్బో నెట్టే గాలి ఒత్తిడి పెంచితే టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, నిజంగానే పెరుగుతుంది. కానీ ఇంజిన్‌ను చివరి హద్దు దాకా వాడకుండా కంపెనీ వదిలిపెట్టిన ఖాళీ వృథా కాదు. నాసి డీజిలుకు, ఎండకు, గంటల తరబడి ఘాట్ ఎక్కడానికి ఉంచిన రక్షణ అది. దాన్ని వాడేసుకుంటే ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, క్లచ్ త్వరగా పోతుంది, మసి ఎక్కువై బీఎస్-6 కాలుష్య ప్రమాణం బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్లు మూసుకుపోయి చివరికి కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది. చౌకగా దొరికే బాక్సులలో కొన్ని సెన్సార్‌కూ కంప్యూటర్‌కూ మధ్య కూర్చుని ప్రెజర్ తక్కువగా ఉందని అబద్ధం చెప్పి పంపును ఎక్కువ పని చేయిస్తాయి. పెడల్‌కు తగిలించే బాక్సులైతే ఒక్క హార్స్ పవర్ కూడా కలపవు. సగం తొక్కితే ముప్పాతిక తొక్కినట్టు కంప్యూటర్‌కు చెబుతాయి, అంతే. సైలెన్సర్ మార్చి వచ్చే శబ్దం గురించి వేరే చెప్పాలా!

చట్టం కూడా ఇందుకు అనుకూలంగా లేదు. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ప్రతి మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. అదే చట్టంలోని 194వ సెక్షన్ ఓవర్‌లోడుకు 20 వేలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు రెండు వేలు చొప్పున వేస్తుంది. ఆ సెక్షన్ నడిపినవాడినే కాక నడిపించినవాడినీ పట్టుకోగలదు. అయినా తనిఖీలో డ్రైవరు దొరికినంత సులభంగా సరుకు యజమాని దొరకడు. ట్రిప్పుకు ఇంత బాడుగ అని మాట్లాడుకుని ఎంత ఎక్కువ వేస్తే అంత లాభమని చూసే వ్యాపారికీ ఆ జరిమానాలో వాటా పడితే, ట్యూనింగ్‌కు గిరాకీ దానంతట అదే తగ్గుతుందని నా నమ్మకం.

ఘాట్ ఎక్కడమే కాదు, దిగడమూ ఉంది. వేగం 40 నుంచి 50కి పెరిగితే బ్రేకులు అణచవలసిన శక్తి సగానికి పైగా, అంటే 56 శాతం పెరుగుతుంది. మలుపులకూ ప్రమాదాలకూ పేరుపడిన గువ్వలచెరువు దిగుడులో, ఇంజిన్‌ను మాత్రమే పెంచి బ్రేకులను పాతవాటితోనే వదిలేసిన బండిని ఏ యజమానీ తన కొడుకు చేతికి ఇవ్వకూడదు.

లీకులు కట్టి, పట్టేసే బ్రేకులను సరిచేయించి, వేబ్రిడ్జి మీద తూకం వేయించుకున్నాక కూడా లోడుకు బండి చాలకపోతే, ఆ పనికి ఆ బండి చిన్నదని ఒప్పుకోవాలి. 2022లో వచ్చిన టాటా యోధా 2.0 రెండు టన్నుల లోడుకు, 100 హార్స్ పవర్ ఇంజిన్‌తో తయారైంది. రోజూ రెండు టన్నుల బండలు వేయాల్సినవాళ్లు ట్యూనింగ్‌కు, మాటిమాటికీ మారే క్లచ్‌లకు అయ్యే ఖర్చును కాగితం మీద వేసుకుని, అలాంటి బండి నెల కంతుతో పోల్చి చూసుకోవచ్చు.